కామాక్క ఆగిన చోట

“కామాక్క పోయిందమ్మా” అన్నాడు మునెప్ప.

“ఎక్కడికి?” అని అడిగాను.

కుప్పం రైల్వే స్టేషన్లో, బెంగుళూరు పోయే ప్యాసింజరు కోసం సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాం. ఎనభైల చివరి మాట అది. మునెప్ప మదనపల్లెలో నేను ఒకప్పుడు పనిచేసిన అచ్చాఫీసులో ట్రెడిల్ మిషను తొక్కేవాడు. పదేళ్ల తర్వాత అనుకోకుండా కనిపించి, పక్కన కూర్చుని, మొట్టమొదట చెప్పిన మాట అదే. అతను పట్టాల వైపు తిరిగి, భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు అర్థమయింది.

ఆమె ఉంటే నవ్వేది. “పోయింది అంటే ఊరికి పోయినా అదే మాట, లోకంలోంచి పోయినా అదే మాట. పక్కన ఇంకో మాట లేకపోతే ఎట్ల తెలస్తాది అమ్మీ?” అని ఉండేది. నా అజ్ఞానానికి వ్యాకరణంలో ఒక సాకు చూపించేది.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. మా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. కామాలు పెట్టే అక్క కాబట్టి అందరికీ కామాక్క. పుంగనూరు బట్టల వ్యాపారి ఒకాయన అది కామాక్షికి పిలుపుపేరు అనుకుని, తమ ఇంట్లో వరలక్ష్మి వ్రతానికి రమ్మని ‘కామాక్షమ్మ గారికి’ కబురు పంపాడు. ఈమె ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. అయినా పుంగనూరు బస్సెక్కి పోయి, వాళ్లు చూపించిన పీట మీద కూర్చుని, తాంబూలం తీసుకుని వచ్చింది.

“మీ పేరు అది కాదని చెప్పి ఉండొచ్చు కదక్కా” అన్నాను.

“కామా, అక్క కలిస్తే కామాక్క అయింది. ఇంకొంచెం గట్టిగా కలిస్తే కామాక్షి అయినట్టుండాది. కలిసినాక యాల విడదీసేది?” అంది, తమలపాకు మడిచి నా చేతికిస్తూ.

యాభై దాటిన మనిషి. సన్నంచు తెల్ల నూలుచీర, జుట్టు ముడిలో దూర్చిన ఎర్ర పెన్సిలు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి గాని లోపలికి వచ్చేది కాదు. మాట్లాడేటప్పుడు కూడా అంతే. మధ్యలో ఎక్కడో ఆగుతుంది. ఆ ఆగడంలో ఎదుటివాళ్లు తాము చెప్పబోయేది మరిచిపోయేవాళ్లు. ఆమె మాత్రం తీరిగ్గా, పారే కాలవ దాటినట్టు, అవతల నుంచి మాట అందుకునేది.

డెబ్బైల చివర నేను ఆ అచ్చాఫీసులో చేరాను. పాత పెంకుటిల్లు. పొద్దున పూట కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి, గూళ్లలో అచ్చు అక్షరాలు చీమల బారుల్లా మెరిసేవి. సీసం వాసన, సిరా వాసన, మునెప్ప కాలి కింద మిషను ఒకే లయలో చేసే చప్పుడు. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పట్టేటప్పుడు ఆ చప్పుడు ఎక్కడో వినిపిస్తుంది.

రాసిచ్చిన కాగితాన్ని నేను పైకి చదవాలి, ఆమె ప్రూఫు చూస్తూ సరిపోల్చుకోవాలి. అదీ పని. కామాలు, చుక్కలు కూడా పైకి చదవాలి. “శ్రీయుత కామా… గారికి కామా… నమస్కరించి వ్రాయునది చుక్క.” కొన్నాళ్లకు అది జోలపాటలా అయిపోయింది. ఆమె కళ్లు అరమోడ్చి వినేది. తర్వాత ప్రూఫు కూడా నన్నే చదవమంది. “నువ్వు నేర్చుకోవాల కదా” అంది. అలా రెండూ నేనే చదువుతుంటే, ఆమె కళ్లు పూర్తిగా మూసుకుని వింటూ, తప్పు వచ్చిన చోట వేలితో బల్లమీద తట్టేది.

మొదటి రోజు ఒక చిన్న సీసపు ముక్క నా అరచేతిలో పెట్టింది. దాని మొహాన అక్షరమేమీ లేదు.

“ఇది యాంది, చెప్పు.”

“ఏమీ లేదక్కా.”

“మాటకూ మాటకూ మధ్య పెట్టే ఖాళీ ఇది. బరువుండాది చూడు. ఖాళీ గూడా ఎవరో ఒకరు చేత్తో పెడితేనే వస్తాది.”

ఆమె పనితనం నాకు అర్థమైంది చౌడేపల్లె దగ్గరి రైతు ఒకాయన కరపత్రం వేయించుకోడానికి వచ్చినప్పుడు. ‘తెల్ల ఆవు దూడ తప్పిపోయినది. కనిపించిన వారు తెలుపగలరు’ అని రాయించుకుని వచ్చాడు.

“అప్పా, తెల్లది ఆవా, దూడా?” అని అడిగింది కామాక్క.

“ఆవు తెల్లదమ్మా. దూడ ఎర్రది.”

“తప్పిపోయింది ఏది?”

“దూడ.”

“మరి దీన్ని చదివినోళ్లు తెల్ల దూడ కోసం వెతకతారు కదప్పా. నీ ఎర్ర దూడ ఎదురుగా నిలబడి అరిచినా ఇది కాదులే అని పోతారు.”

రైతు ఆలోచనలో పడ్డాడు. నాకు కొత్త ఉత్సాహం. “ఆవు పక్కన ఒక కామా పెడితే సరిపోతుందేమో అక్కా” అన్నాను.

“పెడితే ఆవు గూడా తప్పిపోతాది” అంది ఆమె.

రైతు కంగారుపడ్డాడు. “వద్దమ్మా, ఆవు ఇంటికాడ్నే ఉండాది. దాన్ని కదిలించొద్దు.”

చివరికి ‘తెల్ల ఆవుకు పుట్టిన ఎర్ర దూడ’ అని వేశాం. దూడ దొరికిందని చెప్పడానికి ఆయన మళ్లీ వచ్చాడు. ఆవు కూడా ఉన్నచోటే ఉందని ప్రత్యేకంగా చెప్పి వెళ్లాడు.

ఇంకోసారి పెళ్లి కార్డుల్లో ‘మీ రాక మా ఇంటికి వెలుగు’ అని ఉండాల్సింది ‘మీరు రాక మా ఇంటికి వెలుగు’ అని పడింది. ఆ పూట కామాక్క సెలవు. మర్నాడు వచ్చి, నేను కార్డు చదవగానే బల్లమీద తట్టింది. “రాక అంటే వచ్చేదీ అదే, రాకపోయేదీ అదే. ఒక్క ‘రు’ ఎక్కువైతే పెళ్లికి ఎవరూ రారు అమ్మీ” అంది. యజమాని తల పట్టుకుని, పెళ్లికూతురి తండ్రిని పిలిపించి, అన్నీ మళ్లీ వేసిస్తామని చెప్పాడు. ఆ తండ్రి కార్డు రెండుసార్లు చదువుకున్నాడు.

“మళ్లీ వేయండి. కానీ ఇవి గూడా కొన్ని ఉండనీండి” అన్నాడు నెమ్మదిగా. “ఇట్లాంటివి పంపాల్సినోళ్లు గూడా మాకు ఉండారు.”

ఆరోజు మిషను ఆగిపోయింది. మునెప్ప నవ్వలేక గోడకు ఆనుకున్నాడు.

ఎంత నవ్వొచ్చినా ఆమె సొంతంగా ఒక్క మాట మార్చేది కాదు. ఒక చిన్న ఆసుపత్రి డాక్టరు గోడకు అంటించడానికి ‘రోగులు చెప్పులు విడిచి పోవలెను’ అని రాసి పంపాడు. నేను ‘లోపలికి రావలెను’ అని దిద్దబోతే చెయ్యి పట్టుకుంది. కాగితం అంచున ప్రశ్న గుర్తు పెట్టించి, ‘ఎక్కడికి?’ అని నా చేత రాయించి వెనక్కి పంపింది. డాక్టరు తానే నడిచి వచ్చి నవ్వుకుంటూ మార్చి ఇచ్చాడు.

“అనుమానం వస్తే రాసినోళ్లనే అడగాల. మనం దిద్దేవాళ్లం కాదు అమ్మీ, అడిగేవాళ్లం” అంది.

ఒంటరి మనిషి కాబట్టి ఆమెకు ఏదో కథ ఉంటుందని అచ్చాఫీసులో అందరూ అనుకునేవాళ్లు. వయసులో ఎవరో రాసిన ఉత్తరాన్ని తప్పుగా చదువుకుందని, అప్పటి నుంచి కామాలంటే ప్రాణమని మునెప్ప చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం సద్ది తింటూ నేనే అడిగేశాను. ఆమె చాలాసేపు నవ్వింది.

“అట్లాంటిదేం లేదు. చిన్నప్పుడు బళ్లో నిలబెట్టి చదివించేవాళ్లు. నాకు భయం. చుక్క దగ్గర ఆగితే ఊపిరి వచ్చేది. బాగుండేది. అంతే.”

ఆ మాట నమ్మాను. కథ ఉన్నది ఆమెకు కాదు, నాకు.

అచ్చాఫీసుకు రాకముందే నన్ను గుడుపల్లె పక్కన ఒక పల్లెలో ఇచ్చారు. మా అత్తగారింట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. పురుగులు చివరిసారి కుబుసం విడిచే పెద్దనిద్ర లేచి ఆకు తినేటప్పుడు ఇంట్లో సన్న వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటూ పడుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. పెళ్లయిన రెండో ఏడు, ఒక పొద్దున ఆ వాన ఆగిపోయింది. తట్టల్లో పురుగులన్నీ తలలెత్తి, పచ్చగా కక్కుకుని చచ్చి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం జల్లు పడింది కాబట్టి నేను పురుగుకు పడని తడి ఆకు వేశానని అత్త అంది. నేను వేయలేదు. ఆరబెట్టిన ఆకే వేశాను. ఎవరూ వినలేదు. “నువ్వు ఈ ఇంటికి వద్దు” అని అత్త అంటుంటే మా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. అత్త మాట కంటే ఆ మౌనమే నన్ను బస్సెక్కించింది. మదనపల్లెలో మా అన్న ఇంటికి చేరాను, అచ్చాఫీసులో పని వెతుక్కున్నాను.

ఏడాది కావస్తుండగా మా ఆయన దగ్గరి నుంచి జాబు వచ్చింది. ఎనిమిదో తరగతితో చదువు ఆపిన మనిషి. జాబంతా ఒకే తీగలా అల్లుకుపోయింది. ఎక్కడా ఒక చుక్క లేదు.

‘నువ్వు లేకుండా బాగుండాది ఇల్లు అనుకోవద్దు నేను చేసింది తప్పు అని అమ్మ ఒప్పుకునింది ఇంక నీ ఇష్టం’

మా అన్న దాన్ని పైకి చదివాడు. చదివే కొద్దీ గొంతు గట్టిపడింది. “నువ్వు లేకుండా బాగుండాది. ఇల్లు అనుకోవద్దు. సూడు ఏం రాసినాడో. ఆ ఇల్లు నీది అనుకోవద్దంటాండాడు. నేను చేసింది తప్పు అని అమ్మ ఒప్పుకునింది… అంటే నిన్ను చేసుకునిందే తప్పంట, వాళ్లమ్మ గూడా అవునందంట. ఇంక నీ ఇష్టం. ఇంతకన్నా ఏం చెప్పాల?”

పుంగనూరు కోర్టులో తెలిసిన వకీలు ఉన్నాడని, సోమవారం పోయి విడాకుల నోటీసు ఇప్పిస్తానని అన్నాడు. నా తరఫున కోపం తెచ్చుకునేవాడు ఇంట్లో అతనొక్కడే. కాదనలేకపోయాను. జాబు మడిచి దగ్గరే పెట్టుకుని పనికి వెళ్లాను.

మర్నాడు ఏదో కరపత్రం చదువుతుంటే కామాక్క వేలు బల్లమీద ఆగిపోయింది.

“ఎన్నడూ కామా మింగేదానివి కాదు. వరసగా మూడు మింగినావు. ఏమయింది?”

జాబు తీసి ఇచ్చాను. ఆమె పట్టుకుని, మళ్లీ నాకే ఇచ్చింది. “నువ్వే చదువు. ఆగొద్దు. ఒకే ఊపిరిగా చదువు.”

చదివాను. ఇంకోసారి అంది. మూడోసారి కూడా. అప్పుడు కళ్లు తెరిచి, తనలో తాను అనుకుంటున్నట్టు అంది: “నువ్వు లేకుండా బాగుండాది ఇల్లు అనుకోవద్దు.”

అన్న చదివినట్టు కాదు. ‘బాగుండాది’ దగ్గర ఆగకుండా, చివరి దాకా తెచ్చి అక్కడ దించింది. నువ్వు లేకుండా ఇల్లు బాగుందని నువ్వు అనుకోవద్దు. అవే మాటలు. నిన్నటి నుంచి నన్ను బయటికి నెడుతున్న వాక్యం, తలుపు తీసి పట్టుకుని నిలబడింది.

“అక్కా, ఆ కామా ఎక్కడ పెట్టాలో పెట్టండి. అన్నకు చూపిస్తాను” అన్నాను.

ఆమె ముడిలోంచి పెన్సిలు తీసింది. కాసేపు వేళ్ల మధ్య తిప్పింది. మళ్లీ ముడిలోనే పెట్టుకుంది.

“నేను పెడితే అది నా జాబు అయితాది. నాకు మంచిగా వినిపించినంత మాత్రాన ఆ మనిషి మంచిగా రాసినాడని యాడుండాది? పదమ్మీ, రాసినోణ్ణే అడుగుదాము.”

శనివారం పొద్దున మొదటి బస్సుకు బయలుదేరాం. చలికాలం. పుంగనూరు దాటేదాకా పొలాల మీద మంచు లేవలేదు. పొట్టి తెల్లావులు ఆ మంచులో కాళ్లు లేకుండా తేలిపోతున్నట్టు కనిపించాయి. దారి పొడుగునా కనిపించిన బోర్డులన్నీ నన్ను చదవమంది. అది ఆట అనుకున్నాను.

“కొత్త బట్టల అంగడి” అని చదివాను.

“కొత్తది బట్టలా, అంగడా?”

“చిన్న పిల్లల డాక్టరు.”

“పాపం, ఎంత ఎత్తు ఉంటాడో.”

ముందు సీటులో గంప పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి వెనక్కి తిరిగి మమ్మల్ని వింతగా చూసి, ఆమె కూడా నవ్వింది. కొండదారి దిగాక కామాక్క నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ బరువు మోస్తూ, కొండలు వెనక్కి జారిపోతుంటే, నేను పోతున్నది నా ఊరికా, ఎవరి కలలోకా అనిపించింది.

మేము పోయేసరికి మా ఆయన వాకిట్లో కూర్చుని మల్బరీ ఆకు తరుగుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నన్ను చూశాడు. కత్తి పక్కన పెట్టాడు. కామాక్క అరుగు మీద నా పక్కన కూర్చుని జాబు అతని చేతికిచ్చింది.

“ఇది నువ్వు రాసిందేనాప్పా?”

“నేనే మేడం. తప్పులుంటే ఏమనుకోవద్దండి.”

“అదే అడగను వచ్చినాను. ఏమనుకోవాల, ఏమనుకోగూడదు? ఒకసారి చదివి వినిపించు.”

అతను బళ్లో పిల్లవాడిలా నిటారుగా నిలబడి, గబగబా ఒకే ఊపిరిన చదివేశాడు.

“మెల్లగా. నీ మనసు యాడ ఆగితే ఆడ ఆగు.”

మళ్లీ మొదలుపెట్టాడు. “నువ్వు లేకుండా బాగుండాది ఇల్లు అనుకోవద్దు.” ‘బాగుండాది’ దగ్గర ఆగలేదు. ‘అనుకోవద్దు’ దగ్గర ఆగాడు. ఆగి, మరి ముందుకు పోలేకపోయాడు. కాగితం కిందికి దించి, తరిగిన ఆకు కుప్ప వైపు చూస్తూ, “బాగలేదు” అన్నాడు. “ఇల్లు బాగలేదు.”

పెళ్లయిన నాటి నుంచి అతను నా ఎదుట అన్న మాటల్లో అంత పొడుగుది ఇంకొకటి లేదు.

కామాక్క ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తింది. “ఇంకొకటి ఉండాది. నేను చేసింది తప్పు అని అమ్మ ఒప్పుకునింది. ఈ ‘నేను’ ఎవరప్పా? నువ్వు తప్పు చేస్తే మీ అమ్మ అవునన్నదా? లేకుంటే మీ అమ్మే, నేను చేసింది తప్పు అన్నదా?”

అతను కాగితం చూశాడు. గడప వైపు చూశాడు. లోపల అత్త వక్క దంచుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. ఆ వాక్యం అతను తెలియక అలా రాశాడో, తెలిసే రాశాడో నాకు ఈరోజుకూ తెలియదు. తల్లిది తప్పని రాయలేడు. కాదని కూడా రాయలేడు. రెంటికీ మధ్య ఆ ‘నేను’ వెనక దాక్కున్నాడు.

దంచే చప్పుడు ఆగింది. అత్త గడప దాటి వచ్చింది. పక్కకు పోయి నోట్లో ఉన్న ఆకు, వక్క, పొగాకు అంతా ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుని, కామాక్క ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ఆ నేను నేనేమ్మా” అంది.

మా ఆయన చేతిలోని కాగితం మడిచాడు. అత్త ఆపలేదు.

“పట్టు ఆఫీసాయన వచ్చి చెప్పినాడు. పొగాకు చెయ్యి తగిలితే పురుగు బతకదంట. పచ్చగా కక్కి సస్తాదంట. ఆ యాల ఈ పిల్ల వేసినాక, చాల్లేదని ఇంకో దఫా ఆకేసింది నేనే. అప్పుడు నాకు తెలీదు. తెలిసినాక చెప్పేదానికి నోరు రాలేదు.” నా వైపు తిరిగింది గాని నా మొహం చూడలేదు. “తడి ఆకు కాదు మ్మే. నీదేం లేదు. లేసి కాళ్లు కడుక్కో.”

ఏడాదిగా కడుపులో దాచుకున్న కోపానికి, ఆ వంగిన తల ఎదుట ఏం చేయాలో తెలియలేదు. లేచాను. తొట్టి దగ్గరికి పోయాను. మా ఆయన చెంబు అందుకుని నీళ్లు పోశాడు.

మధ్యాహ్నం అత్త వడ్డించిన సంగటి తిని కామాక్క బయలుదేరింది. గుడుపల్లె రోడ్డు దాకా నేను తోడు పోయాను. దూరంగా బస్సు కనిపించింది.

“అమ్మీ, బోర్డు చదువు. మనదేనా?”

తెల్ల పలక మీద నల్లగా, జానెడంత అక్షరాలు. అవి ఆమెకు కనిపించడం లేదు. దారి పొడుగునా బోర్డులన్నీ చదివించింది ఆటకు కాదని, నేను చదువుతుంటే కళ్లు మూసుకునేది శ్రద్ధతో మాత్రమే కాదని, అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. ఇన్ని నెలలుగా ఆమె ప్రూఫులు చూస్తున్నది నా గొంతుతో. ఆ గొంతును తానే బస్సెక్కించి తెచ్చి, ఇక్కడ దించి పోతోంది.

“మదనపల్లెదే అక్కా” అన్నాను. “సోమవారం వస్తాను. నెలాఖరు దాకా అయినా వస్తాను. మీకు చదివేదానికి ఎవరుంటారు?”

“రావద్దు” అంది. ఆగింది. ఆమె ఎప్పుడూ ఆగినంత సేపే. “ఉండు.”

కండక్టరు చెయ్యందించి ఎక్కించుకున్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అంతలో గొర్రెల మంద ఒకటి రోడ్డు దాటుతూ నన్ను అవతలికి, కంకర కుప్ప దాకా తోసేసింది. బస్సు కదిలింది. కామాక్క కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, నవ్వుతూ ఊపుతోంది. నా వైపు కాదు. ఇంతకు ముందు నేను నిలబడి ఉన్న చోటి వైపు, ఇప్పుడు ఎవరూ లేని దుమ్ము వైపు ఊపుతోంది.

పిలవబోయి ఊరుకున్నాను. గొర్రెల మధ్య నుంచి పరుగెత్తి, ఆమె చెయ్యి ఊపుతున్న చోటికి పోయి నిలబడ్డాను.